మందు కొట్టకుండా నిలిచే గులాబీ ఏది? తెగుళ్లను తట్టుకునే రకాల పోలిక, ఎంపిక సలహా

ఒకే గులాబీ రకం గురించి ఇద్దరు తోటమాలులు పొంతన లేని మాటలు చెప్పడం తరచు ఎదురవుతుంది. ఐస్‌బర్గ్ అనే తెల్ల ఫ్లోరిబండానే (గుత్తులుగా పూసే గులాబీ వర్గం) తీసుకుందాం. జర్మనీకి చెందిన కోర్డెస్ సంస్థ 1958లో విడుదల చేసిన ఈ రకాన్ని పొడి వాతావరణంలో పెంచేవారు ఏ మందూ అడగని మొక్క అని మెచ్చుకుంటారు. వానలూ తేమా ఎక్కువగా ఉండే చోట పెంచేవారు మాత్రం వానలు వెనుకబట్టేసరికి దానికి పూలు తప్ప ఆకులు మిగలవని చెబుతారు. ఇద్దరూ తమ కళ్లతో చూసిందే చెబుతున్నారు, ఇద్దరి మాటా నిజమే. తెగులును తట్టుకునే శక్తి మొక్కతో పాటు అక్కడి గాలి మీద, అక్కడ తిరిగే శిలీంధ్రం మీద కూడా ఆధారపడి ఉంటుంది. అందువల్ల ఏ గులాబీ మంచిదని అడగడానికి ముందు, మన తోటలో ఏ తెగులు ఎక్కువ, ఆ తెగులు వచ్చినప్పుడు ఎంత నష్టాన్ని మనం ఓర్చుకోగలం అన్న రెండు ప్రశ్నలకు జవాబు వెతుక్కోవాలి. ఆ జవాబులు చేతిలో ఉంటే రకాల ఎంపిక చాలావరకు తేలికవుతుంది.

‘తట్టుకుంటుంది’ అంటే ఏమిటి

నర్సరీ చీటీ మీద ‘తెగుళ్లను తట్టుకునే రకం’ అని రాసి ఉన్నప్పుడు ఆ మాటకు కనీసం మూడు అర్థాలు ఉండవచ్చు. కొన్ని మొక్కల ఆకు మీద శిలీంధ్రపు బీజాంశం పడినా లోపలికి పాకలేదు, మచ్చ ఏర్పడదు. కొన్నింటికి మచ్చలు వస్తాయి కానీ ఆకు పసుపుబారి రాలిపోదు, చాలా వారాల పాటు కొమ్మకే ఉండి తన పని తాను చేస్తుంది. మరికొన్నింటికి ఆకులు రాలుతాయి, అయితే వాతావరణం కాస్త తెరిపి ఇవ్వగానే అవి కొత్త చిగుళ్లు తొడిగి మళ్లీ పూతకు వస్తాయి.

నాక్ అవుట్ గులాబీ విడుదలైన కొత్తలో మొదటి కోవకు ఉదాహరణగా నిలిచింది. టెక్సాస్‌లో రూపొందిన బెలిండాస్ డ్రీమ్ రెండో కోవకు చెందుతుంది. తడి ఎక్కువైన రోజుల్లో దాని అడుగు ఆకుల మీద మచ్చలు కనబడతాయి, అయినా పొద నిండుగానే ఉంటుంది. ఓల్డ్ బ్లష్ వంటి పాత చైనా గులాబీలను వెచ్చని ప్రాంతాల్లో చూస్తే మూడో కోవ అర్థమవుతుంది. ఆకు పోవడం, ఆకు రావడం వాటికి ఏడాది పొడవునా సాగే క్రమమే.

ఈ తేడా తెలియకపోతే తోటి తోటమాలుల అనుభవాలు మనల్ని తికమక పెడతాయి. ‘నా మొక్కకు ఏ తెగులూ లేదు’ అనే మాట వెనుక మచ్చ లేని ఆకు ఉండవచ్చు, మచ్చలున్నా పట్టించుకోని మనసూ ఉండవచ్చు. నా దృష్టిలో చూడవలసిన కొలత ఒక్కటే: వానల కాలం ముగిసే నాటికి కొమ్మల మీద ఎంత భాగం ఆకు మిగిలింది. మొక్కకు ఆహారం తయారయ్యేది ఆకులోనే కాబట్టి, ఆకులన్నీ రాలిన ప్రతిసారీ అది కొమ్మల్లోనూ వేళ్లలోనూ దాచుకున్న నిల్వను ఖర్చు పెట్టి చిగురించాలి. ఏటా రెండు మూడుసార్లు అలా జరిగితే కొమ్మలు సన్నబడతాయి, పూలు చిన్నవవుతాయి, చివరి నుంచి కిందికి కొమ్మ ఎండిపోవడం మొదలవుతుంది, చలి తీవ్రంగా ఉండే చోట మొక్క శీతాకాలాన్ని దాటలేకపోవచ్చు. ఆకు నిలుపుకునే మొక్కకు నాలుగు మచ్చలు ఉన్నంత మాత్రాన దాన్ని తీసిపారేయడం తొందరపాటు.

ముందు తెగులును పోల్చుకోవాలి

గులాబీకి వచ్చే ముఖ్యమైన ఆకు తెగుళ్లు ఒకదానికొకటి భిన్నమైన వాతావరణాన్ని కోరుకుంటాయి. నల్లమచ్చ తెగులుకు నీటి తడి కావాలి. దీనికి కారణమైన డిప్లోకార్పన్ రోసే అనే శిలీంధ్రం మొలకెత్తి ఆకులోకి చొరబడాలంటే ఆకు కనీసం 7 గంటల పాటు తడిగా ఉండాలి; వాతావరణం ఒక మోస్తరు వెచ్చగా ఉంటే అది మరింత చురుకుగా పని చేస్తుంది. వాన చినుకులు, పైనుంచి పోసే నీటి తుంపరలు బీజాంశాలను కింది ఆకుల నుంచి పై ఆకులకు చేరవేస్తాయి. అందుకే తెగులు దాదాపు ఎప్పుడూ అడుగు నుంచి పైకి ఎక్కుతుంది.

బూడిద తెగులు దీనికి పూర్తిగా ఎదురు. దానికి ఆకు మీద నీరు అక్కరలేదు, సరికదా నీటి పొర నిలిస్తే దాని బీజాంశాలు సరిగా మొలకెత్తవు. పగలు వెచ్చగా పొడిగా, రాత్రి చల్లగా తేమగా ఉండే రోజులు దానికి అనుకూలం. ముదురు ఆకుల జోలికి అంతగా పోకుండా లేత చిగుళ్లను, మొగ్గ తొడిమలను పట్టుకుంటుంది. చిగురాకు మెలితిరిగి, మీద తెల్లటి పొడి చల్లినట్టు కనబడుతుంది. గాలి ఆడని గోడ పక్కన నాటిన తీగ గులాబీలకు ఇది ఎక్కువగా వస్తుంది. 1901లో వచ్చిన డొరొతీ పెర్కిన్స్ అనే తీగ గులాబీ, పూల గుత్తుల అందానికి ఎంత పేరు తెచ్చుకుందో బూడిద తెగులుకు లొంగిపోవడంలోనూ అంత పేరు తెచ్చుకుంది. తుప్పు తెగులుకు చల్లదనం, తడి రెండూ కావాలి. ఆకు పైన పసుపు చుక్కలు, తిప్పి చూస్తే అడుగున నారింజ రంగు పొడి బొబ్బలు ఉంటాయి. వేలితో రాస్తే ఆ రంగు వేలికి అంటుకుంటుంది. వేసవి మండిపోయే చోట దీని బెడద తక్కువ.

నల్లమచ్చ అని అందరూ పిలిచేవాటిలో చాలావరకు నల్లమచ్చ కానివి ఉంటాయి కనుక ఇక్కడ కొంచెం ఆగాలి. ఆకును వెలుతురుకు ఎత్తి మచ్చ అంచును గమనించండి. మెత్తని కాగితం మీద సిరా చుక్క పడి పాకినట్టు అంచు నూలుపోగుల్లా విచ్చుకుని, చుట్టూ పసుపు కమ్ముకుని ఉంటే అది డిప్లోకార్పన్. అలా కాక మచ్చ చిన్నదిగా గుండ్రంగా ఉండి, అంచు ఊదారంగులో గీసినట్టు స్పష్టంగా, నడుమ భాగం బూడిద లేదా లేత గోధుమ రంగులో ఎండిపోయి ఉంటే అది సెర్కోస్పోరా ఆకుమచ్చ తెగులు. నల్లమచ్చను తట్టుకునే రకం సెర్కోస్పోరాను కూడా తట్టుకుంటుందన్న హామీ ఏమీ లేదు. నాక్ అవుట్ గులాబీలకు నల్లమచ్చ వచ్చిందని వెచ్చని తేమ ప్రాంతాల తోటమాలులు చెప్పే సందర్భాల్లో కొన్నింటికి అసలు కారణం ఈ రెండో తెగులే. ఆకు మీద ఊదా ఎరుపు రంగులో కోణాలు తిరిగిన మచ్చలు వచ్చి, పచ్చగా ఉన్న ఆకులు కూడా చల్లని తేమ రోజుల్లో ఒక్కసారిగా రాలిపోతుంటే అది బూజు తెగులు అని అనుమానించాలి. దానికి మరో మందు, మరో జాగ్రత్త అవసరమవుతాయి.

పసుపు రంగుతో వచ్చిన బలహీనత, కాలంతో మారే బలం

పసుపు, రాగి, నారింజ రంగుల గులాబీలు నల్లమచ్చకు త్వరగా లొంగుతాయని పాత తోటమాలులు చెప్పే మాటకు చారిత్రక ఆధారం ఉంది. ఫ్రాన్స్‌కు చెందిన జోసెఫ్ పెర్నే-దూషే పర్షియన్ ఎల్లో అనే ముదురు పసుపు గులాబీతో సంకరం చేసి 1900లో సోలె దోర్ అనే రకాన్ని విడుదల చేశాడు. తోట గులాబీల్లోకి చిక్కటి పసుపు ఆ దారినే వచ్చింది. రోసా ఫెటిడా జాతికి చెందిన ఆ పర్షియన్ ఎల్లో వైపు నుంచి నల్లమచ్చకు లొంగిపోయే గుణం కూడా రంగుతో పాటే వచ్చి, తరువాతి దశాబ్దాల్లో హైబ్రిడ్ టీ (పొడవైన కాడ మీద ఒక్కో పెద్ద పువ్వు పూసే వర్గం) గులాబీలన్నిటా పాకింది. ఇప్పటి పసుపు రకాలన్నీ బలహీనమైనవే అనడం సరికాదు, ఎంపికలో చాలా మెరుగుదల జరిగింది. అయినా మిగతా విషయాలన్నీ సమానంగా ఉన్నప్పుడు పసుపు రకం విషయంలో ఒక ప్రశ్న ఎక్కువ అడగడం మంచిది.

ఇంకో సంగతి. నల్లమచ్చ శిలీంధ్రంలో పదికి పైగా రేసులను, అంటే ఒకే శిలీంధ్రంలోని వేర్వేరు ఉపరకాలను, శాస్త్రవేత్తలు గుర్తించారు. ఒక రేసును అడ్డుకునే జన్యువు మరో రేసు ముందు పనిచేయకపోవచ్చు. ఒక ఊళ్లో మచ్చ లేకుండా నిలిచిన గులాబీ మరో ఊళ్లో తెగులు బారిన పడటానికీ, పదేళ్లు శుభ్రంగా ఉన్న రకం ఉన్నట్టుండి మచ్చలు చూపడానికీ ఇది ఒక ముఖ్య కారణం. కనుక నిన్నటి పేరు ప్రఖ్యాతుల కన్నా ఈ రెండు మూడేళ్లలో మన దగ్గరి తోటల్లో మొక్క ఎలా ఉందన్న సమాచారానికి ఎక్కువ విలువ ఇవ్వాలి.

రకాల మధ్య పోలిక

పొడవైన కాడ మీద ఒక్కో పెద్ద పువ్వు కోరుకునేవారు హైబ్రిడ్ టీలను వదులుకోలేరు. 1945లో వచ్చిన పీస్, 1977 నాటి డబుల్ డిలైట్ వంటివి అందంలోనూ పరిమళంలోనూ తమ స్థానాన్ని నిలుపుకున్నాయి, కానీ మొదటిది నల్లమచ్చకు, రెండవది బూడిద తెగులుకు పేరుమోసినవి. వానలు ఎక్కువగా పడే చోట వీటిని ఎంచుకుంటే తడి కాలమంతా మందు పిచికారీ చేయడానికి సిద్ధపడాలి. పొడి ప్రాంతంలో, గాలి ధారాళంగా ఆడే చోట పీస్‌ను ఇబ్బంది లేకుండా పెంచుకోవచ్చు. ఇదే పూల ఆకారం కావాలి, మందు మాత్రం వద్దు అనేవారికి 1990ల తరువాత జర్మనీలో వచ్చిన హైబ్రిడ్ టీలు మెరుగైన దారి. ఆ దేశంలో మందు కొట్టకుండా గులాబీలను పెంచి చూసే ఏడీఆర్ పరీక్షల్లో నెగ్గిన గ్రాండే అమోరే అనే ఎర్ర గులాబీ అందుకు మంచి ఉదాహరణ.

ఆధునిక పొద గులాబీల్లో నాక్ అవుట్ గురించి కాస్త వివరంగా చెప్పాలి. అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రానికి చెందిన విలియం రాడ్లర్ తెగులు సోకిన ఆకులను పోగుచేసి, ఎండబెట్టి, పొడి చేసి తన నారు మొక్కల మీద చల్లేవాడు. ఆ పరీక్షకు నిలబడిన మొక్కలనే ముందుకు తీసుకువెళ్లాడు. 2000లో విడుదలైన నాక్ అవుట్ ఆ పద్ధతి ఫలితం. ఆకు నాణ్యతలో అది చాలా హైబ్రిడ్ టీలను ఇప్పటికీ మించుతుంది, పూత దాదాపు ఆగదు. పరిమళం చాలా తక్కువ, పువ్వు రూపం సాదా. ఉత్తర అమెరికాలో ఉండేవారు మరొకటి ఆలోచించాలి: కంటికి కనబడనంత చిన్న నల్లి ద్వారా వ్యాపించే రోజ్ రోజెట్ వైరస్‌ను ఈ మొక్క తట్టుకోలేదు. కొమ్మ చివర ఎర్రటి చీపురు కట్టలాంటి పెరుగుదల, లెక్కకు మించిన ముళ్లు కనబడితే మొక్కను వేళ్లతో సహా తీసివేయడం తప్ప చికిత్స లేదు. శిలీంధ్రాన్ని తట్టుకోవడం వైరస్‌ను తట్టుకోవడం కాదని ఈ ఒక్క రకమే స్పష్టంగా చూపుతుంది.

చల్లని ప్రాంతాల్లో శ్రమ లేని గులాబీ కావాలంటే నేను ముందుగా చూపేది రుగోసాలనే, అంటే రోసా రుగోసా జాతి గులాబీలనూ వాటి సంకరాలనూ. ఆకు పైభాగం లోతైన ఈనెలతో ముడతలు పడి, దళసరిగా, మెరుస్తూ ఉంటుంది. ఆ ఆకు మీద నల్లమచ్చ కనబడటం అరుదు. 1892 నాటి బ్లాంక్ దుబ్ల్ ద కూబేర్, 1905 నాటి హన్సా నేటికీ నమ్మకంగా పెంచదగినవి, రెండూ సువాసన గలవే. అయితే ఇవి సున్నం ఎక్కువున్న నేలలో ఆకు పాలిపోతాయి, మండే వేసవిలో డీలాపడతాయి. రుగోసాల మీద మందు కొట్టకూడదు. చాలా పిచికారీ మందులకు వాటి ఆకులు మాడి రాలిపోతాయి. పక్కనున్న హైబ్రిడ్ టీకి కొట్టే మందు తుంపరలు వీటి మీద పడకుండా దూరంగా నాటుకోవాలి. రుగోసా సంకరం అనే పేరును మాత్రమే నమ్మి కొనకూడదు. కోన్రాడ్ ఫెర్డినాండ్ మేయర్ అనే 1899 నాటి రకం అదే వర్గంలో ఉన్నా తుప్పు తెగులుకు సులువుగా లొంగుతుంది.

శీతాకాలం తీవ్రంగా లేని వెచ్చని ప్రాంతాలకు చైనా, టీ గులాబీలు, చిన్న పూల గుత్తుల పాలియాంథాలు సరిపోతాయి. ఓల్డ్ బ్లష్, మ్యుటాబిలిస్, 1932లో వచ్చిన ది ఫెయిరీ వంటివాటిని ఈ వరుసలో ముందు చూడవచ్చు. ఇవి అప్పుడప్పుడు ఆకు రాల్చినా త్వరగా కోలుకుంటాయి. మచ్చ లేని ఆకులే కావాలని పట్టుబట్టేవారికి ఇవి నచ్చవు. ది ఫెయిరీకి వేడి పొడి రోజుల్లో ఎర్రనల్లి పట్టే అవకాశం ఉంది, ఆకుల అడుగు భాగాన్ని చూస్తూ ఉండాలి.

డేవిడ్ ఆస్టిన్ సంస్థ రూపొందించిన ఇంగ్లిష్ గులాబీల విషయంలో మొత్తం వర్గానికి ఒక్క తీర్పు చెప్పడం కుదరదు. 1983 నాటి గ్రాహమ్ థామస్ తేమ ప్రాంతాల్లో నల్లమచ్చతో బాధపడుతుంది, 2014లో వచ్చిన ఒలివియా రోజ్ ఆస్టిన్ అదే సంస్థ నుంచి వచ్చినా ఆకు శుభ్రతలో ఎంతో ముందుంది. ఈ వర్గంలో కొత్త రకాలవైపు మొగ్గడమే మంచిది. తీగ గులాబీల్లో 1930 నాటి న్యూ డాన్ దశాబ్దాలుగా నిలబడింది. ఏడాదికి ఒక్క పూతతో సరిపెట్టుకోగలిగితే, స్థలం కూడా ఉంటే, లేడీ బ్యాంక్స్ అనే ముళ్లులేని తీగ గులాబీకి తెగుళ్ల బాధ దాదాపు ఉండదు.

ఎవరి మాట నమ్మాలి

అమ్మేవారి వర్ణన కన్నా, మందు కొట్టకుండా జరిపిన బహిరంగ పరీక్షల ఫలితాలు ఎక్కువ నమ్మదగినవి. జర్మనీలోని ఏడీఆర్ పరీక్షల్లో మొక్కలను వేర్వేరు వాతావరణాలున్న తోటల్లో మూడేళ్లు పెంచి చూస్తారు. 1997 నుంచి అక్కడ ఏ పురుగుమందూ శిలీంధ్రనాశినీ వాడటం లేదు. తరువాతి కాలంలో తెగులుకు లొంగిన రకం నుంచి ఆ గుర్తింపును వెనక్కి తీసుకోవడం కూడా ఉంది, ఆ నిజాయితీ నాకు ఎంతో నచ్చుతుంది. టెక్సాస్ ఏ అండ్ ఎమ్ విశ్వవిద్యాలయం వారి ఎర్త్-కైండ్ పరీక్షల్లోనూ మందులు లేకుండానే మొక్కలను పెంచారు. బెలిండాస్ డ్రీమ్, నాక్ అవుట్, మ్యుటాబిలిస్, ది ఫెయిరీ అందులో గుర్తింపు పొందాయి. చల్లని చోట ఉండేవారు ఏడీఆర్‌ను, వేడి తేమ చోట ఉండేవారు ఎర్త్-కైండ్‌ను ముందు చూడాలి. చల్లని దేశంలో గెలిచిన మొక్క ఏడాదంతా వేడి ఉండే చోట గెలవాలన్న నియమం లేదు.

తోటి తోటమాలి అనుభవాన్ని వినేటప్పుడు ఆ మొక్కకు మందు కొడుతున్నారా, దాని వయసెంత, నీళ్లు ఎక్కడ పోస్తున్నారు, ఎండ ఎన్ని గంటలు పడుతుంది అని తప్పక అడగాలి. వారానికోసారి మందు కొట్టే తోటలో ఏ గులాబీ అయినా తెగులు లేనట్టే కనబడుతుంది. మన వీధిలోనే, ఎవరూ పట్టించుకోని ఇంటి ముందు వానల తరువాత కూడా పచ్చగా నిలిచిన గులాబీ కనబడితే దాని పేరు కనుక్కోవడం ఏ చీటీ చదవడం కన్నా మేలు.

మందు, సాగు పద్ధతి

మందుల గురించి క్లుప్తంగా చెబుతాను. శిలీంధ్రనాశినులు ప్రధానంగా రాబోయే తెగులును అడ్డుకుంటాయే గాని, వచ్చిన మచ్చను చెరిపేయలేవు. కొత్తగా విచ్చుకునే ఆకుకు పాత పిచికారీ రక్షణ ఇవ్వదు, అందువల్ల తడి కాలంలో 7 నుంచి 14 రోజులకోసారి మళ్లీ కొట్టవలసి వస్తుంది. ఒకే మందును పదేపదే వాడితే శిలీంధ్రం దానికి అలవాటు పడుతుంది. గంధకాన్ని 30 డిగ్రీలు దాటే ఎండలో కొట్టినా, నూనె మందు కొట్టిన రెండు వారాల లోపు కొట్టినా ఆకు మాడుతుంది. ఇంత శ్రమ ఏటా చేయగలమా అన్నది ఎవరికి వారు తేల్చుకోవలసిన విషయం.

సాగు పద్ధతి చేసే మేలు దీనికన్నా నిలకడైనది. ఉదయపు ఎండ పడే చోటు, మొక్కల మధ్య గాలి ఆడేంత ఎడం, పాదులోకే నీళ్లు పోయడం, నల్లమచ్చ ఆకులను రాలగానే ఏరివేయడం, కత్తిరింపు సమయంలో మచ్చలున్న కొమ్మలను తీసివేయడం — ఇవి మధ్యస్థంగా తట్టుకునే రకాన్ని చెప్పుకోదగినంత మెరుగుపరుస్తాయి. నత్రజని ఎరువు ఎక్కువైతే చిగురు మెత్తబడి బూడిద తెగులు పెరుగుతుంది. అయితే ఎంత జాగ్రత్త తీసుకున్నా, వారాల తరబడి ముసురు పట్టే చోట బలహీనమైన రకం నిలవదు. అక్కడ ఎంపికే ప్రధానం.

నిర్ణయం ఎలా తీసుకోవాలి

వానలు, తేమ ఎక్కువై మందు కొట్టే ఉద్దేశం లేకపోతే, ఏడీఆర్ లేదా ఎర్త్-కైండ్ జాబితాలోని పొద గులాబీతో మొదలుపెట్టండి. చల్లని చోట రుగోసా, వెచ్చని చోట చైనా గులాబీ వేసుకోండి. పొడి వాతావరణమైతే నల్లమచ్చ పేరు చెప్పి ఐస్‌బర్గ్‌ను, పీస్‌ను తోసిపుచ్చనక్కరలేదు. బూడిద తెగులును తట్టుకుంటుందా లేదా అన్నదే అక్కడ అడగాలి. ఒక ప్రత్యేకమైన పువ్వు మీద మనసు పడితే, అది తెగులుకు లొంగేదైనా, ఒకటి రెండు మొక్కలు గాలి బాగా ఆడే చోట వేరుగా పెంచుకుని వాటికే మందు కొట్టుకోవచ్చు. తోటంతా అలాంటి రకాలతో నింపితే మాత్రం వాటి నుంచి తెగులు మిగతావాటికి పాకుతూనే ఉంటుంది.

కొత్త రకాన్ని ఒకేసారి వరుసగా నాటకుండా ముందు ఒక మొక్కను తెచ్చి చూడాలి. మొదటి ఏడాది లేత వేళ్లతో ఉన్న మొక్క అసలు కన్నా బలహీనంగా కనబడుతుంది కాబట్టి అప్పుడే తీర్పు చెప్పకూడదు. రెండో, మూడో ఏడు వానల చివర ఆకుల నిలకడను గమనించి రాసుకోవాలి. మూడో ఏడు కూడా సగానికి పైగా ఆకు పోయి, కొమ్మలు సన్నబడుతుంటే ఆ మొక్కను తీసివేయడమే మంచిది. గులాబీ తీసిన గుంటలోనే మళ్లీ గులాబీ నాటితే కొత్త మొక్క సరిగా నాటుకోకపోవచ్చు. వేరే చోటు లేకపోతే సుమారు 45 సెంటీమీటర్ల లోతు వరకు పాత మట్టిని తీసి, గులాబీలు పెరగని చోటి మట్టిని నింపి నాటాలి.